సముద్రపు దొంగలా, గని మరుగుజ్జులా, డైనోసార్లా? వేషాల మెటల్‌లో ఏది ఎవరికి

బరంపురం ఠాకురాణి యాత్రలో పులివేషాలు చూసి పెరిగినవాళ్లకి వేషాలు కట్టి వాయించే హెవీ మెటల్ (గిటార్లూ డ్రమ్ములూ హోరెత్తించే బరువైన రాక్ సంగీతం) గురించి సగం సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. ఒంటిమీది పసుపూ నలుపూ చారలు మొదటి ఐదు నిమిషాలే పనిచేస్తాయి. ఆ తరువాత జనం కళ్లు కాళ్లమీదికి దిగుతాయి. ఢోల్ జోరందుకున్నాక పులి అడుగు తడబడిందంటే, రంగు ఎంత బాగా కుదిరినా సరే, గుంపు పక్క వీధి పులి వైపు జరిగిపోతుంది.

హెవీ మెటల్‌లోనూ ఇలాంటి వేషగాళ్లు బోలెడుమంది. ఒక బృందం పుట్టిన దగ్గర్నుంచి సముద్రపు దొంగల మీదే పాడుతుంది. ఇంకొకటి గనులు తవ్వే మరుగుజ్జుల మీద. ఒకరు డైనోసార్ తొడుగుల్లో వస్తారు. బాల్టిమోర్‌లో హేట్‌బీక్ అని ఒక బృందం ఉంది, దాని గాయకుడు ఒక ఆఫ్రికా బూడిదరంగు చిలుక. మాటవరసకి కాదు, నిజం చిలుకే. మొదటిసారి వింటే నవ్వాగదు. రెండోసారి? చిలుక అరుపు అరుపే కదా, ప్లేయర్ ఆపేస్తారు. దేన్ని ఒకసారి విని వదిలెయ్యాలి, దేన్ని ఫోనులో ఉంచుకోవాలి అన్నదే ఇక్కడ లెక్క. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు మన తెలుగువాళ్లు వినే పరిస్థితులు మనసులో పెట్టుకుని చెబుతున్నవి ఇవి.

జోకు మన ఊరిదాకా వస్తుందా

బృందం మంచిదా కాదా అని చూసేముందు ఇది చూడండి. కొన్ని జోకులకి పాస్‌పోర్టు ఉండదు. అమెరికాలోని ఫీనిక్స్‌లో 2015లో మొదలైన ఓకిలీ డోకిలీ సభ్యులందరూ ఆకుపచ్చ స్వెట్టరు, కళ్లజోడు, మీసంతో ఒకేలా కనిపిస్తారు. 'సింప్సన్స్' కార్టూన్‌లోని పక్కింటి భక్తుడు నెడ్ ఫ్లాండర్స్ వేషం అది. ఆ మనిషి తియ్యటి మాటల్ని గొంతు చించుకుని అరవడమే హాస్యం. 2019లో ఆ కార్టూన్ చివర్లోనే వీళ్ల పాట వినిపించింది, అంతకంటే పెద్ద బిరుదు వాళ్లకి ఉండదు. కానీ ఆ కార్టూన్ చూడనివాళ్లకి మిగిలేది మీసాలవాళ్ల కేకలే.

లాస్ ఏంజిలిస్ బృందం మాక్ సబ్బాత్‌ది ఇంకా చిక్కు. ఇంగ్లాండు పాత మెటల్ బృందం బ్లాక్ సబ్బాత్ బాణీలకి మెక్‌డోనాల్డ్స్ బర్గర్ల మీద మాటలు కట్టి, విదూషకుడి వేషంలో పాడతారు. అసలు బాణీ తెలిసుండాలి, ఆ బర్గర్ కంపెనీ బొమ్మలూ తెలిసుండాలి. రెండిట్లో ఒకటి తెలియకపోయినా చప్పబడిపోతుంది. అందుకని ముందు బ్లాక్ సబ్బాత్ 1970 నాటి రెండు ఆల్బములూ వినండి, ఇది తరువాత.

సముద్రపు దొంగల జోకు మాత్రం ఎక్కడికైనా వస్తుంది. పుర్రె జెండా, సారా పీపా, నిధి పెట్టె చిన్నపిల్లలకి కూడా తెలుసు. గోపాలపురం రేవు చూసినవాళ్లకి ఓడంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. కాబట్టి కొత్తవాళ్లు మొదలుపెట్టవలసింది అక్కడే, చిలుక దగ్గరా బర్గర్ల దగ్గరా కాదు.

ఒకే జెండా, రెండు ఓడలు

దొంగల పాటలకి ఇద్దరు పెద్ద దిక్కులున్నారు. ఇద్దరూ ఒకటే అనుకుని కలిపేస్తే నష్టపోతారు.

మొదటిది జర్మనీలోని హాంబర్గ్ బృందం రన్నింగ్ వైల్డ్. 1984లో తొలి ఆల్బం నాటికి వీళ్ల వేషం సైతాను వేషమే. 1987లో 'అండర్ జాలీ రోజర్'తో దొంగల జెండా ఎత్తారు. నాయకుడు రోల్ఫ్ కాస్పారెక్ దాన్ని హాస్యంగా ఎప్పుడూ తీసుకోలేదు. పాటల్లో చరిత్ర ఉంటుంది, తిరుగుబాటు ఉంటుంది. గిటారు గుర్రం దౌడులా నడుస్తుంది, అంటే ఒక దెబ్బ పొడుగు, రెండు దెబ్బలు పొట్టి. ఆ నడక చెవికి పట్టిందంటే మాటలు అర్థం కాకపోయినా ఆల్బం చివరిదాకా వింటారు. మొదలుపెట్టడానికి 1988 నాటి 'పోర్ట్ రాయల్' గాని, 1989 నాటి 'డెత్ ఆర్ గ్లోరీ' గాని. లోపం ఏమిటంటే, ఆ కాలపు రికార్డింగులో డ్రమ్ము మోత గదిలో మారుమోగినట్టు ఉంటుంది, కింది స్వరాలు పలచన. ఈనాటి మెటల్ బరువుకి అలవాటుపడిన చెవికి మొదట సన్నగా తోస్తుంది.

రెండోది స్కాట్లండ్‌లోని పెర్త్ బృందం ఏల్‌స్టార్మ్. 2004లో వేరే పేరుతో మొదలై, 2008లో 'కెప్టెన్ మోర్గన్స్ రివెంజ్'తో బయటికొచ్చింది. గాయకుడు క్రిస్టఫర్ బోవ్స్ గిటారులా మెడకి తగిలించుకునే కీబోర్డు వాయిస్తాడు, దాన్ని కీటార్ అంటారు. వేదిక మీద గాలి నింపిన పెద్ద పసుపు బాతు ఉంటుంది. ఇక్కడ హాస్యం దాపరికం లేనిది: తాగుడు, దోపిడీ, మళ్లీ తాగుడు. పల్లవి ఒకసారి వింటే రెండోసారికి మీరే అందుకుంటారు, హాస్టల్లో పదిమంది కలిసి అరవడానికి ఇంతకంటే అనువైన సరుకు లేదు.

తంటా ఎక్కడొస్తుందంటే, ఈ విషయం నిఘంటువు చిన్నది. ఓడ, రమ్ము, నిధి, కత్తి, సముద్ర రాక్షసి అయ్యాక ఏం పాడతారు? మూడో ఆల్బం నాటికి, అంటే 2011కి, ఆ ఇరుకు వాళ్లకీ తెలిసింది. దొంగల్ని కాలంలో వెనక్కి పంపి, ఉత్తర యూరప్ పాతకాలపు సముద్ర యోధులు వైకింగులతో యుద్ధం పెట్టారు. 2017 నాటి 'నో గ్రేవ్ బట్ ది సీ'కి కుక్కల కోసమని గాయకుడి గొంతు బదులు మొరుగుళ్లతో ఇంకో ప్రతి కూడా విడుదల చేశారు. తెలివైన తప్పించుకోలే, ఒప్పుకోవాలి. కానీ ఆ మొరుగుడు ప్రతిని డబ్బుపెట్టి కొనకండి, ఒక పాట చాలు. ఇంకో హెచ్చరిక: ఆ 2017 ఆల్బంలో పచ్చి బూతుల పాట ఉంది. ఇంగ్లీషు తెలిసిన పెద్దవాళ్లున్న హాల్లో పెట్టేముందు యాప్‌లో పాట పేరు పక్కన బూతులున్నాయని చెప్పే ఇంగ్లీషు 'E' గుర్తు ఉందో లేదో చూసుకోండి.

మా ఓటు? పదిమందిలో వినడానికి ఏల్‌స్టార్మ్, ఒంటరిగా రాత్రి వినడానికి రన్నింగ్ వైల్డ్. ఒక్కటే ఉంచుకోవాలంటే రన్నింగ్ వైల్డ్. పల్లవి అరిచి అరిచి అరిగిపోతుంది, ఆ గిటారు నడక అరగదు.

ఇచ్ఛాపురం గెలాక్సీ సామ్రాజ్యం

అదే బోవ్స్ 2010లో పెట్టిన రెండో దుకాణం గ్లోరీహ్యామర్. 2013 తొలి ఆల్బం కథ: దుష్ట మాంత్రికుడు చచ్చి లేచిన ఒంటికొమ్ము గుర్రాల దండుతో డండీ పట్నం మీద పడతాడు, ఫైఫ్ రాజకుమారుడు సుత్తి పట్టుకుని బయల్దేరతాడు. రెండో ఆల్బంలో యుద్ధం అంతరిక్షానికి, 1992వ సంవత్సరానికి ఎగబాకుతుంది.

ఇందులో నవ్వేమిటో మనకి సగమే తెలుస్తుంది. ఫైఫ్ అనేది ఎడింబరోకి ఉత్తరాన ఏటి అవతల ఉన్న మామూలు జిల్లా, డండీ ఇంకో ఏరు దాటితే వచ్చే మామూలు పట్నం. దీన్ని మనవైపుకి తెచ్చుకుంటే: ఇచ్ఛాపురం యువరాజు మంత్ర రోకలి ఎత్తుకుని, సోంపేట మీద పడిన గుర్రపు దయ్యాల్ని తరిమి, ఆపైన గెలాక్సీని కాపాడాడని నలభై గొంతుల బృందగానంతో, ఏమాత్రం నవ్వకుండా పాడటం. అదీ రుచి. ఈ పోలిక మనసులో పెట్టుకుని వింటే రెట్టింపు పండుతుంది.

సంగీతపరంగా ఇది పవర్ మెటల్: ఎత్తయిన గొంతు, ఆగకుండా ఉరికే రెండు కాళ్ల డ్రమ్ము (రెండు కాళ్లతో తొక్కి వాయించే పెద్ద డ్రమ్ము), కీబోర్డు వాద్యబృందం. హాస్యం తీసేసినా బాణీలు నిలబడతాయి. పులి కాళ్లు గట్టివన్నమాట. అయితే కథ ఆల్బం నుంచి ఆల్బానికి సాగుతుంది కనక మధ్యలో దూరితే తలా తోకా దొరకదు. 2013, 2015, 2019 వరసలోనే వినాలి. 2021లో గాయకుడు మారాడు. 2023 ఆల్బంలో పాడింది సోజోస్ మైఖేల్. పాత గొంతు మీద మనసు పడినవాళ్లు మొదటి మూడింటితో ఆగొచ్చు.

మరుగుజ్జులు, బూచులు, హుంప్పా

గని మరుగుజ్జుల మీద పాడే ఇటలీలోని పీసా బృందం విండ్ రోజ్ 2019లో పాడిన గొయ్యి తవ్వే పాట నిజానికి వాళ్లది కాదు. మైన్‌క్రాఫ్ట్ ఆట వీడియోలు చేసే యోగ్స్‌కాస్ట్ అనే ఇంగ్లాండు బృందం సరదాకి చేసిన పాటని గంభీరమైన బృందగానంగా మార్చారు. బరువు ఎత్తుతూ, పార పట్టుకుని పని చేస్తూ వినడానికి బాగుంటుంది. ఎందుకంటే మధ్యస్థ వేగం, ప్రతి దెబ్బా నేల మీద పడుతుంది. మిగతా పాటలు దాదాపు అదే ఎత్తులో, అదే మోతాదులో ఉంటాయి. ఏకబిగిన నాలుగు వింటే అయిదోది గుర్తుండదు.

ఫిన్లాండు నుంచి రెండు పేర్లు. కోర్పిక్లానీ వయొలిన్, అకార్డియన్‌లతో తాగుడు పాటలు పాడుతుంది. ఫిన్‌ట్రోల్ అడవి బూచుల వేషంలో, ఫిన్లాండు బృందమయ్యుండీ, స్వీడిష్‌లో పాడుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, రైల్లో హిందీ మాట్లాడే మనకి ఇదేం వింత కాదు, స్వీడిష్ కూడా అక్కడి అధికార భాషే. ఇద్దరి లయకీ మూలం హుంప్పా, అంటే ఫిన్లాండువాళ్ల వేగమైన జంట నాట్యపు లయ. ఒకటికి పెద్ద డ్రమ్ము, రెండుకి చిన్న డ్రమ్ము, అంతే. కాళ్లు వాటంతటవే లేస్తాయి. భాష రాకపోయినా పర్వాలేదన్న వర్గంలో వీటికే మొదటి స్థానం. నార్వే బృందం ట్రోల్‌ఫెస్ట్ ఇదే దారిలో ఇంకా పిచ్చిగా వెళ్లి 2022లో గులాబీరంగు ఫ్లెమింగో పక్షుల వేషం కట్టింది. చిలికా సరస్సుకి ఫ్లెమింగోలు వస్తాయి కదా, మనవైపు వాళ్లకి ఆ ఆల్బం అట్ట చూస్తేనే సగం ఆనందం.

స్వీడన్‌కి చెందిన సబటాన్‌ని ఈ గుంపులో కలిపేస్తుంటారు, అది సరి కాదు. వాళ్లది వేషం కాదు, విషయం: యుద్ధ చరిత్ర. 2019 నాటి 'ది గ్రేట్ వార్'కి పాటకి ముందు చరిత్ర వ్యాఖ్యానం ఉన్న ప్రతి ఉంది, పోటీ పరీక్షలకి చదువుకునేవాళ్లు అది ఎంచుకుంటే ఒక దెబ్బకి రెండు పిట్టలు.

ముసుగులు, పిల్లలు, ఢోల్

2006లో ఏథెన్స్‌లో యూరప్ దేశాల పాటల పోటీ యూరోవిజన్ గెలిచిన లార్డి సభ్యులు రాక్షస ముసుగులు తీయకుండా 292 పాయింట్లు కొట్టుకొచ్చారు. ఫిన్లాండుకి అదే మొదటి గెలుపు. ముసుగు భయంకరం, పాట మాత్రం 1980ల నాటి తేలిక రాక్. భయపడాలని వెళ్తే నిరాశే. అమెరికాలోని రిచ్‌మండ్ బృందం గ్వార్ దీనికి తలకిందులు: 1984 నుంచీ ప్రేక్షకుల మీద రంగు నెత్తురు చిమ్మడమే పని. అది చూడవలసినది, కేవలం వింటే సగం కూడా ఉండదు. పిల్లల ముందు అసలు వద్దు. స్టీల్ పాంథర్ కూడా అంతే, 1980ల జుట్టు పెంచిన రాకర్లని వెక్కిరించే పచ్చి మోటు సరసం.

పిల్లలుంటే హెవీసారస్. 2009లో తొలి ఆల్బం తెచ్చిన ఈ ఫిన్లాండు బృందం డైనోసార్ తొడుగుల్లో పిల్లలకే పాడుతుంది. మాటలు ఫిన్నిష్, అయిదేళ్లవాడికి ఆ పట్టింపు ఉండదు. వాయిద్యం మాత్రం నిజమైన మెటల్. పెద్దవాళ్లకి మూడు పాటలు దాటితే విసుగు, అది సహజం.

జపాన్ బేబీమెటల్ గురించి తగువులు ఎక్కువ. అమ్మాయిల నాట్య బృందానికి వెనక కాకలు తీరిన వాద్యకారుల్ని పెట్టి కంపెనీ అల్లిన సరుకని ఒక వాదన. అల్లిన మాట నిజమే. కానీ 2014 తొలి ఆల్బంలో గిటారు పని వింటే నోరు మూతపడుతుంది. తియ్యటి పాప్ నచ్చని స్నేహితుడికీ, మెటల్ నచ్చని చెల్లెలికీ మధ్య రాజీ కావాలంటే ఇదే.

డప్పూ ఢోలూ వింటూ పెరిగిన చెవికి ఢిల్లీ బృందం బ్లడీవుడ్ వెంటనే అతుకుతుంది. పాప్ పాటల్ని మెటల్‌గా మార్చి వెక్కిరించే వీడియోలతో మొదలై, 2022లో 'రక్షక్' అనే సొంత ఆల్బం దాకా వచ్చింది. జోకుతో బయల్దేరి, దాన్ని దారిలో దింపేసి నడిచిన బృందం. ఈ జాబితాలో ఎక్కువకాలం నిలిచేది ఇదేనని మా అంచనా.

ఏ పెట్టెలో వింటారు

ఎంపికలో ఇది చాలామంది మరిచే సంగతి. గిటారులో అన్నిటికంటే లావు తీగని డి స్వరానికి దించితే దాని కంపనం 73 హెర్ట్జ్ (సెకనుకి 73 సార్లు), సి దాకా దించితే 65. ఫోను స్పీకరు అంత కిందికి పలకలేదు. అందుకని ఫోను స్పీకరులో కోర్పిక్లానీ పెడితే అకార్డియనూ రేకు డబ్బా చప్పుడూ మిగులుతాయి. బృందం మీద తీర్పు చెప్పేముందు ఇయర్‌ఫోన్లలో వినండి.

డీజే పెట్టెలది వ్యతిరేక రోగం. ఊరేగింపు పెట్టెల్లో బేస్ బాగా పెంచి ఉంటుంది. నిమిషానికి 180 తాళాల పాటలో రెండు కాళ్ల డ్రమ్ము తాళానికి నాలుగు దెబ్బలు వేస్తే సెకనుకి 12 దెబ్బలు. ఒక దెబ్బ మోత చల్లారకముందే ఇంకోటి పడి అంతా లారీ ఇంజను హోరైపోతుంది. గ్లోరీహ్యామర్ అక్కడ చచ్చిపోతుంది, విండ్ రోజ్, ఫిన్‌ట్రోల్ బతుకుతాయి. తప్పదనుకుంటే 60 నుంచి 100 హెర్ట్జ్ మధ్య కొంచెం తగ్గించి, 3 నుంచి 4 కిలోహెర్ట్జ్ దగ్గర కాస్త పెంచమనండి.

రాయగడ, కోరాపుట్ మధ్య రైలు సొరంగాల్లో సిగ్నల్ పోతుంది కాబట్టి ముందే దించుకోవాలి. 45 నిమిషాల ఆల్బం 320 కేబీపీఎస్‌లో దాదాపు 108 ఎంబీ, 160లో 54. రైలు చప్పుడులో ఆ రెండిటి తేడా చెవికి తెలియదు, 160 చాలు.

కొత్త బృందం ఏదైనా తగిలితే మూడు పాటలతో తూచండి: అందరూ చూసిన పాట ఒకటి, అదే ఆల్బం మధ్యలోంచి ఎవరూ చెప్పని పాట ఒకటి, వేదిక మీద వాయించిన రికార్డు ఒకటి. మొదటిది జోకు చెబుతుంది, రెండోది బాణీ చెబుతుంది. మూడోది చేతులు చెబుతుంది. మధ్య పాట అయ్యాక గిటారు ముక్క ఒక్కటైనా నోట్లో ఆడకపోతే ఆ బృందాన్ని వీడియోల వరకే ఉంచండి.

మీరే వేషం కడితే

కాలేజీ ఉత్సవాలకి ఇలాంటిది కట్టాలనుకునేవాళ్లకి ముసుగు కంటే రంగే మేలు. రబ్బరు ముసుగులో కోస్తా ఉక్కకి పది నిమిషాల్లో చెమట కారి జిగురు ఊడుతుంది. అది పైస్వరాల్ని మింగేస్తుంది కూడా. మాట ముద్దగా వస్తుందని మైకు పెంచితే కూత మొదలవుతుంది. ముసుగే కావాలంటే నోటి దగ్గర పూర్తిగా కోసెయ్యండి. రంగు పూసేముందు ఒంటికి నూనె రాయకండి, నీళ్ల రంగు నిలవదు. నూనె తరువాత, తీసేటప్పుడు. గోడలకి వేసే ఎనామిల్ రంగు చర్మం మీద ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. డ్రమ్మరుకి పైవస్త్రం వెయ్యకండి, కర్రకి చుట్టుకుంటుంది. కొమ్ముల శిరస్త్రాణం మైకు స్టాండుకి తగులుతుంది. పైగా వైకింగులు యుద్ధానికి కొమ్ములు పెట్టుకున్న దాఖలా లేదు, అది 1876లో ఒక జర్మన్ సంగీత నాటకానికి దుస్తులు గీసినాయన చలవ.

అకార్డియన్ దొరక్కపోతే హార్మోనియం వాడొచ్చు, రెండు షరతులతో. ఒకటి, అది గాలి అందుకుని పలకడానికి క్షణం ఆలస్యం చేస్తుంది, హుంప్పా వేగానికి వెనకబడుతుంది. కాబట్టి పల్లవిలో సాగే స్వరాలే ఇవ్వండి, గబగబా వచ్చేవి గిటారుకి వదలండి. రెండు, హార్మోనియం శ్రుతి తరచు ట్యూనరు చూపే శ్రుతికి కాస్త అటూ ఇటూ ఉంటుంది. దాన్ని మార్చలేరు కనక గిటార్లని దానికి కలపాలి. ఆరో తీగని డికి దించేటప్పుడు నాలుగో తీగతో సరిచూసుకోండి, రెండూ ఒకే స్వరం, ఒక స్థాయి తేడా. సి దాకా దించితే సన్నటి 9 నంబరు తీగలు వదులై బుర్రుమంటాయి, కాస్త లావైన 10 నుంచి 52 నంబర్ల సెట్టు వెయ్యండి.

వేదికకి ఓడో కోటో చేయించేటప్పుడు ఇంకొక్కటి. 1984 నాటి 'దిస్ ఈజ్ స్పైనల్ ట్యాప్' సినిమాలో 18 అడుగులు రావలసిన రాతి ద్వారం 18 అంగుళాలకి తయారై వస్తుంది, ఎందుకంటే కాగితం మీద ఒక గీతకి రెండు గీతలు పడ్డాయి. వడ్రంగికి ఇచ్చే చీటీలో గీతలు పెట్టకుండా 'అడుగులు' అని అక్షరాల్లో రాయండి, ఆయన ఒడియావాడైతే 'ఫుటు' అని ఒడియాలోనూ.